కరగనిదంటూ లేదు
(ప్లాటినం జూబిలీ ఉత్సవ సందర్భంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సభలో ప్రసంగమంటే పాఠశాల చరిత్రనో, సాహిత్య ప్రస్తావననో, పూర్వాచార్యుల గుణకీర్తననో శ్రోతలు ఎదురుచూడడం సహజం. ఈనాటి ప్రసంగానికి ఎంచుకొన్న విషయం ఇంకొకటి. ఒక పింగాణీ గిన్నె, ఒక స్పిరిటు దీపం, ఒక త్రాసు దగ్గర పెట్టుకొని ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో చేసే చిన్న ప్రయోగం అది. ఒక లవణం నీటిలో ఎంతవరకు కరుగుతుంది? ఆ కొలతను కనుగొనేదెట్లా? నీటి వేడి మారితే ఆ కొలత ఎట్లా మారుతుంది? పరీక్షాపత్రంలో ఇవి కొద్ది మార్కుల ప్రశ్నలు. ధర్మపురి జిల్లాలో మాత్రం ఇవి పిల్లల పలువరుసకు, పెద్దల మోకాళ్ళకు సంబంధించిన ప్రశ్నలు. అదెట్లాగో ప్రయోగశాల బల్ల నుండి బావిగట్టు దాకా అంచెలంచెలుగా నడిస్తే తేటపడుతుంది.

ముందుగా మాటల అర్థం. నీరు ద్రావణి. అందులో కరిగే ఉప్పు ద్రావితం. రెండూ కలిసినది ద్రావణం. గ్లాసెడు నీటిలో చెంచాడు ఉప్పు వేసి కలిపితే అది కంటికి కనబడకుండా పోతుంది. మరొక చెంచా, ఇంకొక చెంచా వేస్తూపోతే ఒక దశలో ఎంత కలిపినా కొంత ఉప్పు అడుగున మిగిలిపోతుంది. ఆ దశకు చేరినదే సంతృప్త ద్రావణం. ఒక నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద 100 గ్రాముల నీటిని సంతృప్తపరచడానికి ఎన్ని గ్రాముల లవణం కావలెనో ఆ సంఖ్యయే ఆ లవణం ద్రావణీయత. ఈ నిర్వచనంలో ‘నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద’ అన్న మాటను విద్యార్థులు తొందరలో వదలివేస్తుంటారు. ఉష్ణోగ్రత చెప్పని ద్రావణీయత ఊరుపేరు రాయని ఉత్తరం వంటిది, ఎవరికీ చేరదు.

సంతృప్త ద్రావణం అడుగున మిగిలిన ఉప్పు కదలక మెదలక పడివున్నట్లు కనబడుతుంది. నిజానికి అక్కడ రెండు పనులు ఏకకాలంలో జరుగుతుంటాయి. గడ్డ మీది అయాన్లు కొన్ని నీటిలోకి పోతుంటాయి. నీటిలోని అయాన్లు అన్నే వచ్చి గడ్డకు అంటుకొంటుంటాయి. బస్సు నిలయంలో ఎక్కేవారూ దిగేవారూ సమసంఖ్యలో ఉంటే బస్సులోని జనం సంఖ్య మారనట్లే, ద్రావణంలోని లవణం కొలత కూడా మారదు. దీనినే సమతాస్థితి అంటారు. ఈ సమతాస్థితిని జరిపే శక్తులలో ముఖ్యమైనది ఉష్ణోగ్రత.

ఇక ద్రావణీయతను నిర్ణయించే పద్ధతి. సురేకారం, అనగా పొటాషియం నైట్రేట్, ఈ ప్రయోగానికి బహు అనుకూలమైన లవణం. బీకరులో స్వేదనజలం తీసుకొని సురేకారాన్ని కొద్దికొద్దిగా వేస్తూ గాజుకడ్డీతో కలుపుతారు. కొంత లవణం కరగకుండా మిగిలేదాకా వేయవలె. బీకరును నీటితొట్టిలో నిలిపి, థర్మామీటరు పెట్టి, ఉష్ణోగ్రత నిలకడగా ఉండేటట్లు చూస్తూ చాలాసేపు కలుపుతారు. పిమ్మట కలపడం ఆపి, మిగిలిన లవణాన్ని అడుక్కు దిగనిస్తారు. పైతేటను పొడి పిపెట్‌తో తీసి, ముందే తూచిపెట్టిన పింగాణీ గిన్నెలో పోసి, వెంటనే తూస్తారు. ఆపైన గిన్నెను ఆవిరి మీద ఉంచి నీరంతా ఇగిరిపోనిస్తారు. మిగిలిన పొడి లవణంతో గిన్నెను ఆరబెట్టి, చల్లార్చి, మరల తూస్తారు. మళ్ళీ వేడిచేసి, చల్లార్చి, తూచినప్పుడు బరువు మారకపోతేనే నీరు పూర్తిగా పోయిందని నిర్ధారణ.

ఉదాహరణకు నీరు 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉన్నదనుకొందురు గాక. ఖాళీ గిన్నె బరువు 42.30 గ్రాములు, ద్రావణంతో 71.50 గ్రాములు, ఎండిన లవణంతో 51.50 గ్రాములు. అప్పుడు గిన్నెలో పోసిన ద్రావణం 29.20 గ్రాములు, మిగిలిన లవణం 9.20 గ్రాములు, ఇగిరిపోయిన నీరు 20.00 గ్రాములు. 20 గ్రాముల నీటిలో 9.20 గ్రాములు కరిగితే 100 గ్రాముల నీటిలో కరిగేది 46 గ్రాములు. మూడు తూనికలు, కొన్ని తీసివేతలు, ఒక భాగహారం. అంతకు మించిన గణితం ఇందులో లేదు.

లెక్క సులభమే కాని, చేతిపనిలో పొరపాట్లకు చోటు హెచ్చు. పైతేటతోపాటు కరగని రేణువొకటి పిపెట్‌లోకి వచ్చినా ఫలితం పెరుగుతుంది. మంట ఎక్కువై చుక్కలు చిట్లి బయటపడితే ఫలితం తగ్గుతుంది. వేడి ద్రావణాన్ని చల్లని గరాటులో వడపోస్తే స్ఫటికాలు గరాటులోనే ఏర్పడిపోతాయి. కలపడం తొందరగా ఆపితే ద్రావణం సంతృప్తమే కాకపోవచ్చు. అందుచేత జాగ్రత్తపరులు ఒకే ఉష్ణోగ్రతను రెండు వైపుల నుండి సమీపిస్తారు. ఒక బీకరును చల్లని స్థితి నుండి వేడిచేస్తూ తెస్తారు. మరొకదానిని ఎక్కువ వేడి నుండి చల్లారుస్తూ తెస్తారు. రెండింటిలోనూ ఒకే సంఖ్య వస్తే అది నమ్మదగిన సంఖ్య.

ఈ పనినే వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద చేసి, గ్రాఫు కాగితం మీద బిందువులు గుర్తించి కలిపితే ద్రావణీయతా వక్రం వస్తుంది. ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు గేలుస్సాక్ 1819లోనే ఇటువంటి వక్రాలను ప్రకటించినాడు. సురేకారం వక్రం కొండచరియలాగా పైకి ఎగబాకుతుంది. 0 డిగ్రీల వద్ద 100 గ్రాముల నీటిలో కరిగేది సుమారు 13 గ్రాములు. 20 డిగ్రీల వద్ద 32. 40 డిగ్రీల వద్ద 64. 60 డిగ్రీల వద్ద 110. మరిగే నీటిలో 246. వంటింటి ఉప్పు, అనగా సోడియం క్లోరైడ్, వక్రం దాదాపు చదునుగా సాగుతుంది. 20 డిగ్రీల వద్ద 36 గ్రాములు కరిగితే, మరిగే నీటిలోనైనా కరిగేది 39 గ్రాములే. ఆరిన సున్నం, అనగా కాల్షియం హైడ్రాక్సైడ్, తీరు ఈ రెండింటికీ విరుద్ధం. 20 డిగ్రీల వద్ద 0.17 గ్రాములు కరిగే సున్నం 100 డిగ్రీల వద్ద 0.07 గ్రాములే కరుగుతుంది. తేటైన సున్నపు నీటిని పరీక్షనాళికలో పోసి వేడిచేస్తే, అందులో ఏమీ కలపకుండానే మసకబారడం ఏ విద్యార్థియైనా చూడవచ్చును.

వేడి అన్ని లవణాలనూ హెచ్చుగా కరిగిస్తుందన్నది కనుక తొందరపాటు మాట. కరిగేటప్పుడు వేడిని పుచ్చుకొనే లవణం వేడి పెరిగితే ఎక్కువ కరుగుతుంది. కరిగేటప్పుడు వేడిని విడిచే లవణం వేడి పెరిగితే తక్కువ కరుగుతుంది. సురేకారం కరుగుతున్న బీకరును అరచేత పట్టుకొంటే చల్లగా తగులుతుంది. ఆ లవణం పుచ్చుకొంటున్న వేడికి ఆ చల్లదనమే సాక్ష్యం. సమతాస్థితిలో ఉన్న వ్యవస్థపై మార్పు కలిగితే అది ఆ మార్పును తగ్గించే దిశగా జరుగుతుందని లే షాటెలియర్ 1884లో చెప్పిన నియమం దీనికి ఆధారం. పూర్వం మట్టి నుండి సురేకారం తీసినవారు ఆ నియమం పేరు వినకపోయినా, దానిని ఆచరణలో ఎరిగినవారే. ఉప్పూ సురేకారమూ కలిసిన వేడి ద్రావణాన్ని చల్లారనిస్తే సురేకారం స్ఫటికాలుగా దిగుతుంది. ఉప్పులో అధికభాగం నీటిలోనే నిలిచిపోతుంది. ఒకదాని వక్రం ఏటవాలుగా, మరొకదానిది చదునుగా ఉండడమే అక్కడి కిటుకు.

ఇంతవరకు చెప్పినది పాఠ్యపుస్తకపు విషయం. ఆ పుస్తకాలలోనే ఒక పట్టిక కనబడుతుంది. ఒక వరుసలో ‘కరిగేవి’ అనీ, మరొక వరుసలో ‘కరగనివి’ అనీ లవణాలను పంచి రాస్తారు. సోడియం క్లోరైడ్ కరిగేది. కాల్షియం ఫ్లోరైడ్ కరగనిది. పరీక్షకు ఈ పంపకం చాలును. కాని ప్రకృతిలో బొత్తిగా కరగని లవణం లేదు. ఉన్నదల్లా ఎక్కువ కరిగేది, తక్కువ కరిగేది, మిక్కిలి తక్కువ కరిగేది. ‘కరగనిది’ అన్న మాటకు పాఠశాల త్రాసుకు అందనిది అని మాత్రమే అర్థం చెప్పుకోవలె.

కాల్షియం ఫ్లోరైడ్‌నే చూడవచ్చును. 18 డిగ్రీల వద్ద ఒక లీటరు స్వేదనజలంలో అది కరిగేది సుమారు 16 మిల్లీగ్రాములు. పాఠశాల త్రాసు ఒక గ్రాములో నూరవ వంతును, అనగా 10 మిల్లీగ్రాములను, చూపగలదనుకొన్నా, గిన్నెలో 20 గ్రాముల ద్రావణాన్ని ఇగిర్చితే మిగిలేది ఒక మిల్లీగ్రాములో మూడవ వంతు. ముల్లు కదలనైనా కదలదు. ఇటువంటి లవణాలకు తూనిక పద్ధతిని విడిచి వేరే దారి పట్టవలసి వచ్చింది. జర్మను శాస్త్రజ్ఞుడు కోల్‌రౌష్ ద్రావణం గుండా విద్యుత్తు ఎంత ప్రవహిస్తున్నదో కొలిచి, కరిగిన అయాన్ల మొత్తాన్ని లెక్కగట్టే మార్గాన్ని చూపినాడు. 1966లో ఫ్రాంట్, రాస్ అనే ఇరువురు శాస్త్రజ్ఞులు నీటిలోని ఫ్లోరైడ్‌ను నేరుగా కొలిచే ఎలక్ట్రోడును ప్రకటించినారు. దానిలోని కీలకభాగం లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం. అది కూడా దాదాపు కరగని లవణమే. కరగీ కరగని ఒక లవణం, నీటిలో కరిగిన మరొకదాని జాడ చెప్పడం విజ్ఞానశాస్త్రంలోని ఒక చమత్కారం.

లీటరుకు 16 మిల్లీగ్రాములంటే వినడానికి అల్పంగానే తోస్తుంది. అందులో ఫ్లోరైడ్ భాగం సుమారు 8 మిల్లీగ్రాములు. కాని తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండడం మంచిదనీ, వేరే నీటి ఆధారం లేని పక్షంలో 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చుననీ భారత ప్రమాణం చెబుతున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు కూడా 1.5 మిల్లీగ్రాములే. పుస్తకం ‘కరగనిది’ అని తోసిపుచ్చిన లవణం, తాను కరగగలిగినంత మేర కరిగితే, ఆ హద్దును అయిదు రెట్లు దాటిపోగలదు. ధర్మపురి కథ ఇక్కడ మొదలవుతుంది.

1965లో సేలం నుండి విడివడి ఏర్పడిన ధర్మపురి జిల్లా, 2004లో దాని నుండి వేరైన కృష్ణగిరి జిల్లా, రెండూ గట్టి రాతినేలలు. గ్రానైటు, నైస్, చార్నకైట్ వంటి శిలలు ఇక్కడి భూమికి ఎముకల గూడు. ఈ జాతి శిలలలోని అభ్రకంలో, ఫ్లోరాపటైట్‌లో, ఫ్లోరైట్ అనే కాల్షియం ఫ్లోరైడ్ ఖనిజంలో ఫ్లోరిన్ ఇమిడి ఉంటుంది. వాన తక్కువ. కురిసిన నీరు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి, రాతిని కొద్దికొద్దిగా కరిగించుకొంటుంది. లోతైన బోరు నుండి వచ్చే నీరు అద్దంలాగా తేటగా ఉంటుంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ఆ స్వల్ప మోతాదులో రుచి కూడా లేదు. అందుచేత నాలుక గాని కన్ను గాని దానిని పట్టలేవు.

తెలుగువారికి ఈ వ్యథ కొత్తది కాదు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని షార్ట్, ఆయన సహచరులు 1937లో లోకానికి వెల్లడించినది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల నుండియే. తరువాత తెలంగాణలోని నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడిపడిపోయింది. నెల్లూరు, నల్లగొండ, ధర్మపురి ఒకదానికొకటి దూరమే. అడుగునున్న రాయి జాతి, పైనున్న ఎండ, ఆ రెంటి నడుమ నీరు నేర్చిన రసాయనం మాత్రం ఒకటే.

ఆ రసాయనంలో కాల్షియానిది ముఖ్య పాత్ర. నీటిలో కాల్షియమూ ఫ్లోరైడూ తక్కెడ రెండు పళ్ళెముల వంటివి. ఒకటి బరువెక్కితే రెండవది తేలిపోతుంది. కాల్షియం అధికంగా ఉన్న నీటిలో కాల్షియం ఫ్లోరైడ్ అంతగా కరగలేదు. దీనిని ఉమ్మడి అయాన్ ప్రభావమంటారు. ద్రావణీయతా లబ్ధం అనే లెక్క ప్రకారం, ఇతర లవణాల ప్రభావాన్ని పక్కనబెడితే, లీటరుకు 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీరు సుమారు 2.2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ను మాత్రమే నిలుపుకోగలదు. కాల్షియం 25 మిల్లీగ్రాములకు తగ్గితే ఆ నీరే 4.4 మిల్లీగ్రాములను నిలుపుకోగలదు. కాల్షియం నాలుగవ వంతైతే ఫ్లోరైడ్ రెండింతలవుతుంది. కనుక సబ్బు చక్కగా నురగవచ్చే, పప్పు త్వరగా ఉడికే మెత్తని నీరు ఈ విషయంలో తప్పనిసరిగా మంచిదని అనుకోరాదు.

ఉష్ణోగ్రత ఇక్కడ తెరవెనుక పనిచేస్తుంది. వేడి వల్ల కాల్షియం ఫ్లోరైడ్ ద్రావణీయత నేరుగా పెద్దగా మారదు. 18 డిగ్రీల వద్ద లీటరుకు 16 మిల్లీగ్రాములైనది 26 డిగ్రీల వద్ద 17. మార్పంతా కాల్షియం కార్బొనేట్ ద్వారా జరుగుతుంది. సున్నపురాయిగా అందరెరిగిన ఆ లవణం సున్నం వలెనే వేడి పెరిగితే తక్కువ కరుగుతుంది. ఎండకు నేలలోని నీరు ఇగిరి, వేడెక్కి, కాల్షియం కార్బొనేట్ తెల్లని గులకలుగా మట్టిలో నిలిచిపోతుంది. నీటిలో కాల్షియం తరిగి, సోడియమూ బైకార్బొనేటూ పెరుగుతాయి. తక్కెడలో ఒక పళ్ళెం తేలికైన కొద్దీ రెండవ పళ్ళెంలోకి, అనగా ఫ్లోరైడ్ వైపు, రాతి నుండి కొత్త సరకు వచ్చి చేరుతుంది.

ఇప్పుడు తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి. నీటిని మరిగిస్తే అన్ని దోషాలూ పోతాయని చాలామంది విశ్వాసం. మరిగించడం వల్ల రోగక్రిములు నశిస్తాయి. ఆ మేరకు అది ఉత్తమమైన అలవాటు, మానవలసినది కాదు. కాని ఫ్లోరైడ్ ఆవిరితో లేచిపోయేది కాదు. ప్రయోగశాలలోని పింగాణీ గిన్నెను మరల తలచుకొంటే చాలును. అక్కడ నీరు ఇగిరిపోయింది. లవణం గిన్నెలో మిగిలింది. పొయ్యిమీది గిన్నెలో జరిగేదీ అదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న 2 లీటర్ల నీటిని ఒకటిన్నర లీటరుకు ఇగిర్చితే, అందులోని 3 మిల్లీగ్రాములూ ఆ ఒకటిన్నర లీటరులోనే నిలిచి, లీటరుకు 2 మిల్లీగ్రాములవుతుంది. హద్దులో ఉన్న నీరు పొయ్యి మీదనే హద్దు దాటుతుంది. గిన్నె అడుగున కట్టిన తెల్లని పొరను చూసి చెడు ఉప్పు విడిపోయిందని సంతోషించేవారుంటారు. ఆ పొర ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. పోయినది కాల్షియం, ఫ్లోరైడ్ నీటిలోనే ఉన్నది.

ఆ ఫ్లోరైడ్ శరీరంలోకి పోయి చేసేది కూడా ద్రావణీయతకు సంబంధించిన పనియే. పంటిమీది పింగాణీపొర కాల్షియం ఫాస్ఫేటు జాతి స్ఫటికం. స్వల్పమైన ఫ్లోరైడ్ అందులో చేరితే ఆ స్ఫటికం ఆమ్లానికి త్వరగా కరగని గట్టిదనం పొందుతుంది, దంతక్షయం తగ్గుతుంది. మోతాదు మించితే, పొర ఏర్పడే వయస్సులోనే దాని నిర్మాణం చెడి, పండ్లపై సుద్దతెలుపు మచ్చలు, గోధుమరంగు చారలు వస్తాయి. శాశ్వత దంతాలకు ఈ అపాయం పుట్టినది మొదలు సుమారు ఎనిమిదేండ్ల వయస్సు దాకా ఎక్కువ. ఆ తరువాత నీరు మార్చినా ఏర్పడిన మచ్చ తనంతట పోదు. హెచ్చు ఫ్లోరైడ్ నీటిని ఏండ్ల తరబడి తాగినవారి ఎముకలలో, కీళ్ళలో, స్నాయువులలో అది పేరుకొని వంగలేని నడుమును, నొప్పితో బిగిసిన మెడను మిగుల్చుతుంది. కనుక ఈ పాఠం పదవ తరగతి దాకా ఆగదగినది కాదు. బాలవాడి పిల్లవాని తల్లికి తెలిసివుండవలసినది.

నివారణ మార్గాలలోనూ ద్రావణీయతయే దారి చూపుతుంది. సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను కాల్షియం ఫ్లోరైడ్‌గా దించివేయవచ్చును గదా అని తోచవచ్చు. కాని ఆ లవణమే లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్‌ను నీటిలో నిలుపగలదు. మూడు నాలుగు మిల్లీగ్రాములున్న బోరునీటిని ఒక మిల్లీగ్రాముకు దించవలెనంటే సున్నం అతిగా వేయవలసివచ్చి, నీరు తాగడానికి పనికిరాకుండా పోతుంది. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ, నీరీ, 1970వ దశకంలో రూపొందించిన నల్లగొండ పద్ధతి ఈ చిక్కును వేరే విధంగా దాటింది. అందులో పటికయే ప్రధానం, సున్నం తోడు. పటిక నీటిలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ అనే మెత్తని తునకలుగా విడివడుతుంది. ఆ తునకలు ఫ్లోరైడ్‌ను తమకు అంటించుకొని అడుక్కు దిగుతాయి. పైతేటను వడపోసి వాడుకొంటారు. నీటి పరీక్షను బట్టి పటిక మోతాదును నిర్ణయించవలె. కంటి అంచనాతో ఇంట్లో వేసుకోదగినది కాదు. ఈనాడు కనబడే ఆర్.ఓ. యంత్రాలు కూడా ఫ్లోరైడ్‌ను తగ్గిస్తాయి. అవి బయటికి వదిలే నీటిలో మాత్రం ఆ ఫ్లోరైడ్ చిక్కబడివుంటుంది. దానిని తాగడానికి గాని వంటకు గాని వాడరాదు.

అన్నిటికంటె మేలైనది నీటి ఆధారాన్నే మార్చడం. రాతిపగుళ్ళలో నిలిచిన నీటికీ, పారే నదీజలానికీ ఫ్లోరైడ్ విషయంలో చాలా తేడా ఉన్నది. హొగేనకల్ వద్ద కావేరి నీటిని తీసి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు అందించే తాగునీటి, ఫ్లోరోసిస్ నివారణ పథకం 1900 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయంతో, జపాను ఆర్థిక సహకారంతో నిర్మింపబడి 2013లో ప్రారంభమైంది. ఒక తాగునీటి పథకం పేరులోనే ఒక వ్యాధి పేరు చేరడం, ఈ నేల అనుభవించిన బాధ ఎంతటిదో చెప్పకయే చెబుతుంది. అయితే కుళాయి రాని రోజున చేయి పాత బోరు వైపు పోవడం మానవ సహజం. బట్టలుతకడానికి, పశువుల పాక కడగడానికి బోరునీరు వాడవచ్చును. తాగడానికీ వంటకూ మాత్రం నదీజలాన్నో, వాననీటినో, పరీక్షించిన నీటినో విడిగా నిలువచేసుకోవలె. వంటనీటిని మరచిపోరాదు, అన్నం, పప్పు, సాంబారు తాము పీల్చుకొన్న నీటిలోని ఫ్లోరైడ్‌ను పళ్ళెంలోకి తెస్తాయి.

ఆహారంలో కూడా కాల్షియమే స్నేహితుడు. పాలు, పెరుగు వంటి వాటిలోని కాల్షియం పొట్టలో ఫ్లోరైడ్‌తో కలిసి, కరగడం కష్టమైన లవణంగా మారి, కొంత ఫ్లోరైడ్‌ను రక్తంలోకి పోనీయక ఆపుతుంది. ఈ రెండు జిల్లాలలో తరతరాలుగా తినే రాగులలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. రాగిముద్దను మోటు తిండి అని వెనుకకు నెట్టిన ఇండ్లు దానిని మరల ముందుకు తెచ్చుకోవడం మేలు. మంచి నీటికి ఇది బదులు కాదు, తోడు మాత్రమే.

చివరిగా పాఠశాల చేయగలిగిన పని. ఫ్లోరైడ్ కొలత ఈనాడు పెద్ద ప్రయోగశాలలకే పరిమితమైనది కాదు. రంగు మార్పును బట్టి కొలతను అంచనా కట్టే చిన్న పరీక్షా పెట్టెలు పాఠశాలలకు అందుబాటులో ఉన్నాయి. పై తరగతుల విద్యార్థులు తమ వీధి బోరునీటిని సీసాలో తెచ్చి, వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి పరీక్షించి, తేదీ, బోరులోతు, నీటి ఉష్ణోగ్రత, వచ్చిన ఫలితం ఒక పుస్తకంలో రాసిపెట్టవచ్చును. అనుమానాస్పదమైన నీటిని నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపి ధ్రువపరచుకోవచ్చును. గాజుసీసా కంటె ప్లాస్టిక్ సీసా ఈ పనికి తగినది. పూర్వ విద్యార్థులు పాఠశాలకు ఇవ్వదలచిన కానుకలలో ఒక మంచి త్రాసు, నాలుగు థర్మామీటర్లు, ఒక పరీక్షా పెట్టె చేరితే, ఆ పుస్తకం మరికొన్నేండ్లకు ఊరికే ఒక ఆస్తి అవుతుంది.

తెలుగులో రసాయనశాస్త్రం చదివిన పిల్లవానికి ‘ద్రావణీయత’ అన్న మాట వినగానే ‘ద్రవం’ అన్న మాట స్ఫురిస్తుంది. నీరు దేనినైనా తనలోకి కొంతైనా కలుపుకొనే గుణం కలదని మాతృభాషయే వానికి ముందుగా చెప్పివుంటుంది. ఎంత కలుపుకొన్నదో కొలిచి చెప్పడం మాత్రం పాఠశాల పని. కరగనిదంటూ లేదు, కొలవనిది మాత్రం ఉన్నది. ఆ కొలత తెలిసిన పిల్లవాడు ఇంటికి పోయి, పొయ్యి మీద మరుగుతున్న బోరునీటిని చూపి, ‘అమ్మా, దీనితో క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు, తాగడానికి కావేరి నీరు విడిగా పెట్టు’ అని చెప్పగలిగిననాడు, డెబ్బయి అయిదేండ్లుగా ఈ ప్రాంగణంలో మోగిన గంట సార్థకమైనట్లే.